ఒకే మూలుగ

ఎస్తేరు, రూతు కవలలు. కాజీపేట రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగారు. ఎస్తేరు పావుగంట ముందు పుట్టింది కాబట్టి అక్క అయింది. ముక్కు, నడక, చివరికి దగ్గు కూడా ఇద్దరిదీ ఒకటే. ఎస్తేరు ఇంజన్ ఫైర్‌మన్ సాల్మన్‌ను చేసుకుంది. రూతు పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. రోజూ బస్సెక్కి పరకాల వెళ్లి బడిలో పాఠాలు చెప్పేది.

1986 వానాకాలంలో ఎస్తేరుకు ఎడమ డొక్కలో బరువు మొదలైంది. రెండు ముద్దలకే కడుపు నిండిపోయేది. రైల్వే దవాఖానలో నెత్తురు పరీక్ష చేస్తే, పదివేలు దాటకూడని తెల్లకణాలు రెండు లక్షలున్నాయి. నెత్తురు క్యాన్సర్, మెల్లగా ముదిరే రకం అన్నారు. గోలీలతో మూడు నాలుగేళ్లు నెట్టుకు రావచ్చు. ఎముకల్లోని మూలుగ మారిస్తే నయమయ్యే ఆశ ఉంది. ఆ మార్పిడి దేశంలో అప్పుడప్పుడే మొదలైంది. రైల్వే వాళ్లు దక్షిణాదిలోని ఒక పెద్దాసుపత్రికి కాగితం రాసిచ్చారు.

కవల చెల్లెలుందని తెలిసి అక్కడి నర్సులు కూడా సంతోషించారు. తండ్రి కృపానందం రూతు తల మీద చెయ్యి పెట్టి, "దేవుడు మిమ్ముల ఒక్కతీరుగ పుట్టిచ్చింది గిందుకే బిడ్డా" అన్నాడు.

ముందు గట్టి మందులతో ఎస్తేరు పాత మూలుగను చంపారు, ఆమె జుట్టంతా రాలిపోయింది. తర్వాత రూతుకు మత్తిచ్చి నడుము వెనక ఎముకల్లోంచి మూలుగ తీశారు. మెలకువ వచ్చాక నడుము తనది కానట్టు మొద్దుబారి ఉంది. ఎర్రటి సంచిలోంచి తన మూలుగ అక్క నరంలోకి బొట్టు బొట్టుగా దిగుతుంటే అద్దం ఇవతల నిలబడి చూసింది. ఎస్తేరుకు ఏ ఇబ్బందీ రాలేదు. మూడు వారాలకు కొత్త నెత్తురు పుట్టింది.

పక్క గదిలో ఉప్పలయ్య అని బెల్లంపల్లి బొగ్గుగని కార్మికుడు ఉండేవాడు. అతనికి చెల్లెలు పూలమ్మ మూలుగ ఇచ్చింది. అతని ఒళ్లంతా కందిపోయి అరచేతుల తోలు ఊడింది. నోరంతా పుండ్లు. పూలమ్మ వరండాలో కూలబడి, "నా మూలుగే మా అన్నను తింటాంది" అని ఏడ్చేది. రూతు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చునేది. మా అక్కకు అట్లా కాలేదు, అదే చాలు అనుకునేది.

ఏడాదిన్నర బాగానే గడిచింది. ఎస్తేరుకు జుట్టు మళ్లీ వచ్చింది. చర్చిలో పాటలు కూడా పాడింది. 1988 దసరా సెలవుల్లో రూతు ఆమెను అదే ఆసుపత్రికి పరీక్షకు తీసుకెళ్తే తెల్లకణాలు మళ్లీ పెరిగి ఉన్నాయి.

మార్పిడి చేసిన డాక్టర్ రాజేశ్వర్ రావు రూతును వరండాలోకి పిలిచాడు.

"మేమిచ్చే మందులకు జబ్బు మొత్తం చావదమ్మా. కొన్ని కణాలు ఎక్కడో దాక్కుంటాయి. కొత్త మూలుగలో పుట్టిన తెల్లకణాలే వాటిని వెతికి చంపుతాయని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. పూలమ్మ కణాలు వాళ్ల అన్న ఒంటిని పరాయిదనుకున్నాయి. అందుకే అతను అంత బాధ పడ్డాడు. కానీ జబ్బును కూడా పరాయిదే అనుకుని వదల్లేదు. మీవి..."

"మాయి ఒక్కటే" అంది రూతు.

"అవును. మీ కణాలకు ఆమె ఒంట్లో ఏదీ కొత్తగా కనిపించలేదు."

"ఉప్పలయ్య ఎట్లున్నడు సార్?"

"పనికి పోతున్నాడు."

"గిది ముందుగాల తెలిస్తే?"

"అప్పుడు మీది కాక వేరే తోబుట్టువు మూలుగ కావాలి. అన్నో తమ్ముడో ఉన్నారా మీకు?"

"లేరు."

రూతుకు ఏడుపు రాలేదు. కింద హోటల్లో ఇడ్లీలు కట్టించుకుని, అక్కకు తినిపించి, తానూ తిన్నది. రుచి తెలియలేదు.

తిరుగు రైల్లో ఎస్తేరు అడిగింది. "ఏమన్నడే డాక్టరు? మనిద్దరి నెత్తురు ఒక్కటే గద, ఎందుకు నిలువలే?"

దాచాలని రూతుకు అనిపించలేదు. "ఒక్కటే గనుకనే నిలువలేదంట అక్కా. నా కణాలు నీ జబ్బును గుర్తువట్టలేదంట."

ఎస్తేరు నవ్వింది. "చిన్నప్పటి సంది గంతే గదనే. నేనేం జేసినా నీకు తప్పే గనవడకపోయేది."

రూతు కూడా నవ్వాలనుకుంది. ముఖం కదల్లేదు.

గోలీలు నాలుగు నెలలు పనిచేశాయి. ఫిబ్రవరిలో ఒక పొద్దున, సాల్మన్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి ఎస్తేరు చనిపోయింది. సమాధి దగ్గర అందరూ ఏడ్చారు. రూతు మట్టి వేసి, చేతులు దులుపుకుని పక్కకు జరిగింది.

వారం తర్వాత అన్నం గిన్నె పట్టుకుని సాల్మన్ ఇంటికి వెళ్లింది. అతను తలుపు తీసి, ఒక్క క్షణం ఆమెను చూసి, ముఖం తిప్పుకున్నాడు.

"జర కొన్నొద్దులు ఇటు రాకు రూతూ. తలుపు తీసి నిన్ను జూసినప్పుడల్లా నా పానం లేచొస్తాంది. నీ తప్పేం లేదు."

"సరే బావా" అని ఆమె గిన్నె అరుగు మీద పెట్టి వచ్చేసింది.

సెలవు ముగిసి సోమవారం పరకాల బస్సెక్కింది. బడి గేటు దగ్గర పెద్ద టీచరు ఎదురై, "అక్కకెట్లుంది?" అని అడిగింది.

"పోయింది మేడం."

రూతు ఆమె పక్కనుంచి తరగతిలోకి వెళ్లి, హాజరు పట్టీ తెరిచి, మొదటి పేరు పిలిచింది.