ఏడు గంటల బస్సు

సుంకప్ప వచ్చేసరికి ఆసుపత్రిలో మందుల కిటికీ ఎప్పటిలాగే పన్నెండుకు మూసేశారు. వరసగా ఇది మూడోసారి. టీబీ మాత్రలు రోజు మార్చి రోజు నర్సు కళ్లముందే మింగాలి. ఏడు గంటల బస్సును పదకొండుకు మార్చినప్పటి నుంచి అతని నోట్లో మాత్ర పడలేదు. కిటికీ కిందే కూలబడి దగ్గాడు. తువ్వాలు ఎర్రబడింది.

అదే జబ్బుతో అదే బస్సు దిగిన కదిరమ్మ అతన్ని లేవదీసి, నేరుగా బస్సు డిపోకు పోయింది.

"బస్సు మార్చిందెవరు సామీ?"

"మీ దొడ్డిమీదపల్లి వాళ్లే అడిగినారు. చూడు, నలభై వేలిముద్రలుండాయి" అంటూ గుమాస్తా కాగితం చూపించాడు.

కదిరమ్మ వేలు ఆ కాగితం మీద ఆగిపోయింది. అది 2003, కరువు సంవత్సరం. ఆ ఏడాది ఆమె వేలిముద్ర వేసింది ఒక్కసారే. కరువు బియ్యానికని కూలీ సంఘం ఎర్రప్ప వేయించుకున్నాడు. ఇప్పుడు బస్సు లేని పొద్దుటిపూట, మూడింతలు చార్జీ ఇచ్చుకోగల జనంతో నిండి పోతున్నవి భూస్వామి హనుమంతరాయుడి జీపులు. ఆ రోజు నుంచి ఎర్రప్ప చేతిలో బీడీ కనిపించినా, అది ఎవరిచ్చిందోనని చూసింది.

ఆదివారం ఊళ్లో చర్చి ముందర కూలీలు మీటింగు పెట్టారు.

"ఏమప్పా ఎర్రప్పా, బియ్యానికేసిన వేలిముద్రలు డిపోలో ఏం చేస్తాండాయి?" నిలదీసింది కదిరమ్మ.

ఎర్రప్ప ముందుకొచ్చాడు. "రాయుడు తెల్లకాగితాలిచ్చినాడమ్మా. పైన తానే రాయించి ఎమ్మార్వోకు పంపిస్తానన్యాడు. నమ్మినా."

"నమ్మినావో, మమ్మల్ని అమ్మినావో!" ఎవరో అరిచారు. "తన్నండి వాణ్ని!"

సుంకప్ప దగ్గు ఆపుకుంటూ లేచాడు. "వాణ్ని తంతే బస్సొస్తాదా? మనలో మనం కొట్టుకోవాలనే కదా రాయుడికుండేది! రేపు రోడ్డు మీద కూచుందాం పాండి."

సోమవారం ఏడింటికి ముప్పై మంది రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. జీపులు ఆగిపోయాయి. తొమ్మిదింటికి పోలీసు వ్యాను వచ్చింది. ఎస్సై అందరినీ ఎక్కించి, ఎర్రప్పను మాత్రం పక్కకు లాగాడు.

"నువ్వు ఇంటికి పో. నిన్ను వదిలెయ్యమని రాయుడుగారు ఫోన్ చేసినారు."

అందరి చూపులూ ఎర్రప్ప మీదికే తిరిగాయి. చేసిన పనికి కూలా ఇది? లేక వాణ్ని మన నుంచి విడగొట్టే ఎత్తా? కదిరమ్మకు ఏదీ తేలలేదు.

ఎర్రప్ప ఎస్సై చెయ్యి విదిలించుకుని వ్యాను ఎక్కాడు. "నేను యాడికీ పోను."

కదిరమ్మ అతని చొక్కా పట్టుకుని లాగింది. "నా పక్కన కూచో. నిన్నింకా నమ్మలేదు. నా కండ్లముందరే ఉండు."

అతను ఆమె పక్కనే కూర్చున్నాడు.

టౌనులో ఆసుపత్రి గేటు కనిపించగానే కదిరమ్మ వ్యాను రేకు మీద దబదబా బాదింది. "ఆపు! మేం మాత్ర మింగాల!" ముప్పై మందీ బాదారు. ఎర్రప్ప కూడా బాదాడు. జనం గేటు దగ్గర మూగారు. ఎస్సై తిట్టుకుంటూ ఆపించాడు. అప్పటికి పదిన్నర.

సుంకప్ప చేతిలో మాత్రలు పెడుతూ నర్సు అడిగింది. "ఈపొద్దు తొందరగా వచ్చినారే! ఏ బస్సుకు?"

"పోలీసు బండికి" అంది కదిరమ్మ. తన మాత్రలూ మింగి, నీళ్లు తాగి, ఎస్సై వైపు తిరిగింది.

"ఏడు గంటల బస్సు ఏసేదాకా దీంట్లోనే వస్తాం సారూ. ఎల్లుండి పక్కూరోళ్లు కూడా కూచుంటారు. పెద్ద బండి తెచ్చుకోండి."