వెనక పొలంలో కలుపు లెక్క

బ్రైడీ నాతో చెప్పింది ఒక్కటే. "నెవ్, ఈ పొలాన్ని ఇలాగే వదిలెయ్యండి. ఏమీ చెయ్యకండి."

రోడ్డు పక్క పొలం అది. నవంబరులో గోధుమ కోశాం. కొయ్యకాలు మోకాలెత్తున నిలబడి ఉంది. జనవరి చివర పడిన వానకి అక్కడక్కడా కలుపు లేచింది. బ్రైడీ నాలుగు మూలలా కర్రలు పాతి, వాటి మధ్య రెండు పట్టీలు కొలుచుకుని వెళ్లింది. పది రోజుల తర్వాత అక్కడే యంత్రాల ప్రదర్శన.

మా డౌన్స్ ప్రాంతంలో ఒక్కో రైతుకి వేల ఎకరాలు. మాకు వేసవి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. పంట లేని ఆ వేసవిలో కలుపు లేస్తే పొలం మొత్తం కలుపుమందుతో తడపడమే మాకు అలవాటు. ఇప్పుడు మొక్క ఉన్నచోట మాత్రమే మందు చిమ్మే నాజిల్ తెరుచుకునే యంత్రాలు వచ్చాయి. ఏది ఎవరికి పనికొస్తుందో మాలో ఎవరికీ తెలియదు. ఒక్కో కంపెనీవాడు ఒక్కో రంగు కాగితం పట్టుకొస్తాడు. అందుకని రైతు సంఘం బ్రైడీ మల్కేహీని పెట్టుకుంది. వ్యవసాయం చదివిన పిల్ల, ఇంకా ముప్ఫై దాటలేదు. రెండేళ్లు తిరిగి, రెండు కంపెనీలవాళ్లనీ ఒకే రోజు ఒకే పొలంలోకి దిగడానికి ఒప్పించింది. సంఘంలో పెద్దలు ఆమెకి ముందే చెప్పేశారు. ఆ రోజు ఏదో ఒకటి తేలాలి. తేలకపోతే జూన్‌తో ఆమె పని సరి, తర్వాత ఎవరి యంత్రం వాళ్లు కొనుక్కుంటారు. నేను కమిటీలో ఉన్నాను. పొలం ఇస్తానని చెయ్యెత్తింది నేనే.

ఇంత తెలిసీ ఆ పని చేశాను.

ప్రదర్శనకి మూడు రోజుల ముందు పొద్దున్నే ఆ పొలం గట్టున నిలబడ్డాను. బూడిదరంగు ఆకుల ఫ్లీబేన్ అనే కలుపు మొక్క ఒకటి కంచెకి ఆనుకుని నడుమెత్తు పెరిగింది. దాని వెనకే ఇంకోటి. మొత్తం జిల్లా వచ్చి బళ్లు ఆపేది ఆ కంచె పక్కనే. మా నాన్న ఈ పొలం సాగుచేసిన రోజుల నుంచీ రోడ్డు మీద వెళ్లేవాడు ఇటు తల తిప్పి "జీబార్ట్ పొలం అంటే ఇదీ" అనేవాడు. జీబార్ట్ మా ఇంటిపేరు. నాకు మాటలు పెద్దగా రావు. నా తరఫున మాట్లాడేది ఆ పొలమే.

షెడ్డులోంచి పార తెచ్చుకున్నాను.

మొదట ఆ రెండు మొక్కలే అనుకున్నాను. అవి తీశాక మూడోది కొట్టొచ్చినట్టు కనిపించింది. రెండున్నర రోజులు పట్టింది. పట్టీల్లో ఒక్క మొక్క మిగల్చకుండా నరికి, బండిలో వేసి వాగు గట్టున పారబోశాను. రెండో రోజు సాయంత్రం గ్లెనిస్ టీ తెచ్చింది. ఆమె నా భార్య. పెళ్లై ముప్ఫై ఎనిమిదేళ్లు. కప్పు చేతికిచ్చి కాసేపు చూసింది.

"ఆ పిల్ల ఏమీ చెయ్యొద్దంది కదా?"

"దున్నొద్దని దాని అర్థం."

"అలాగా," అంది గ్లెనిస్. "ఇంటికొచ్చే డాక్టరు కోసం ముందే మందు మింగి కూర్చునేవాడివి నువ్వు." ఖాళీ కప్పు తీసుకుని వెళ్లిపోయింది.

ప్రదర్శన రోజు తొమ్మిదికల్లా ముప్ఫై ఒక్క బళ్లు వచ్చాయి. గ్లెనిస్ షెడ్డు నీడలో బల్ల వేసి టీ, కొబ్బరి కోరు అద్దిన చాక్లెట్ కేకులు పెట్టింది. రెండు యంత్రాలు ఒకదాని పక్కన ఒకటి, నాజిళ్లున్న పొడుగాటి రెక్కలు ముడుచుకుని నిలబడ్డాయి. మొదటిదానికి రెక్కల పొడుగునా చిన్న దీపాలు. అది తన వెలుతురు తనే వేసుకుని, నేల మీద పచ్చగా ఏది కనిపించినా మందు కొడుతుంది. రెండోదానికి కెమెరాలు. అది పంట మొక్కనీ కలుపు మొక్కనీ వేరుగా గుర్తుపడుతుందట. ట్యాంకుల్లో మందు లేదు, నీలం రంగు కలిపిన నీళ్లు. ఎక్కడ పడిందో కంటికి కనపడాలని.

బ్రైడీ తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి వచ్చింది. చంకలో ఐదు వందల చిన్న జెండాల కట్ట. యంత్రాలు తిరగకముందు ప్రతి కలుపు మొక్క పక్కనా ఒక జెండా గుచ్చాలి, తిరిగాక ఏ జెండా పక్క మొక్కకి నీలం అంటలేదో లెక్కపెట్టాలి. అదీ ఆమె పద్ధతి.

ఆమె పట్టీలోకి నడిచింది. ఇరవై అడుగులు. యాభై. ఆగింది. వంగి నేల మీంచి ఏదో తీసింది. నరికిన ఫ్లీబేన్ మోడు. వేలితో దాని కొస తడిమి చూసింది. వెనక్కి తిరిగి జనంలో నన్ను వెతుక్కుంది. నేను దగ్గరికి వెళ్లాను.

"నెవ్, కలుపేదీ?"

"తీసేశాను."

"తీసేశారా?"

"ఇంతమంది వస్తున్నారు కదా."

ఆమె కళ్లు మూసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. చంకలో జెండాల కట్టని అటు నుంచి ఇటు మార్చుకుంది.

కెల్విన్ డగ్గన్‌కి అప్పటికే విషయం అర్థమైంది. పక్క పొలంవాడు, ఒకటో తరగతి నుంచి నాతో చదివినవాడు. వాడికి గుసగుసగా మాట్లాడడం రాదు.

"ఒరే నెవ్! కలుపుమందు యంత్రం చూపిస్తానని పిలిచి కలుపే లేకుండా చేశావుట్రా? పెళ్లికి పిలిచి పెళ్లికూతుర్ని పంపించేసినట్టుంది!"

వచ్చినవాళ్లంతా నవ్వారు. కంపెనీవాళ్లలో ఒకడు గడియారం చూసుకున్నాడు. రెండోవాడు, "పోనీ, ఖాళీగానే తిప్పి చూపిస్తాం, నాజిళ్లు మూసుకునే ఉంటాయి, అదీ ఒక గుణమే కదా," అన్నాడు. కమిటీ అధ్యక్షుడు ట్రెవర్ హాస్ బ్రైడీ దగ్గరికి వెళ్లి మెల్లగా, "ఇక టీలు తాగి వెళ్లిపోదామా అమ్మా? తప్పు నీది కాదులే," అన్నాడు. ఆ 'నీది కాదులే' అన్న మాటలోనే ఆమె పని అయిపోయిందని నాకు తెలిసింది. ఆమెకీ తెలిసింది. అప్పుడే ఒక బండి స్టార్టయింది.

గ్లెనిస్ టీ బల్ల వెనక నిలబడి నన్నే చూస్తోంది. నేను ఏం దాస్తున్నానో ఆమెకి తెలుసు.

"నాకింకో పొలం ఉంది," అన్నాను.

ఎవరికీ వినపడలేదు. టోపీ తీసి మళ్లీ అన్నాను. "వెనక పొలం ఉంది. అక్కడ కలుపుంది."

"ఎంతుంటుంది?" అంది బ్రైడీ.

"మీ జెండాలు చాలవు."

ఇంటి వెనక రెండు మైళ్లు, చెట్ల వరుస దాటి, రోడ్డు నుంచి కనపడని చోటు. నాలుగేళ్ల కిందట బాగా వానలు పడ్డ ఏడాది అక్కడ ఫ్లీబేన్ మొదలైంది. ఎప్పుడూ కొట్టే మందే కొట్టాను. చావలేదు. మరుసటేడు మోతాదు పెంచి అదే మందు కొట్టాను. బలహీనమైనవి చచ్చి మొండివి మిగిలాయి, వాటి గింజే పడింది. ఎవరైనా అడిగితే ఆ పొలానికి విశ్రాంతి ఇస్తున్నానని చెప్పేవాడిని. ఇంటికొచ్చిన చుట్టాల్ని కూడా అటు తీసుకెళ్లేవాడిని కాదు.

తీగ గేటు తీసి పట్టుకుని నిలబడ్డాను. ముప్ఫై ఒక్క బళ్లూ, రెండు యంత్రాలూ నా ముందునుంచే లోపలికి వెళ్లాయి. ప్రతి బండిలోంచీ ఒక మొహం నన్ను చూసింది. గేటు పట్టుకున్నవాడికి ఎటు చూడాలో తెలియదు. నేను గేటు కర్రకున్న మేకు వైపు చూశాను.

కెల్విన్ బండి ఆపి అద్దం దించాడు. "విశ్రాంతి ఇస్తున్నానన్న పొలం ఇదేనా?"

"ఇదే."

"బాగానే నిద్రపోయింది," అని ముందుకి పోనిచ్చాడు.

కంపెనీవాళ్లు ఇద్దరూ ఒకటయ్యారు. నేల వాలుగా ఉంది, వాన నీళ్లు ఆపే కాంటూరు గట్లు అడ్డంగా ఉన్నాయి, రెక్కలు ఎగిరిపడతాయి, ఇలాంటి చోట చూపిస్తే యంత్రానికి న్యాయం జరగదన్నారు.

"వీళ్లు కొనాలనుకుంటున్నది ఇలాంటి నేల కోసమే," అంది బ్రైడీ. "బల్లపరుపు పొలం మీద మీరు ఆఫీసులోనే చూసుకుని ఉంటారుగా."

జెండాలు రైతుల చేతే గుచ్చించింది. ఒక్కొక్కరికి ఇరవై గజాలు. బొడ్డెత్తు మొక్కలు ఎవరికైనా కనపడతాయి. ఆమె అందర్నీ మోకాళ్ల మీద కూర్చోబెట్టి పాత కొయ్యకాలు కింద సీసా మూతంత ఉన్నవాటిని వెతికించింది. మొదటి పట్టీ పూర్తికాకముందే జెండాలు అయిపోయాయి. గ్లెనిస్ టీ బల్ల మీది కాగితపు రుమాళ్ల పెట్టెలన్నీ తెచ్చింది. మొక్క పక్కనున్న కొయ్యకి ఒకటి చొప్పున రుమాళ్లు గుచ్చారు. మధ్యాహ్నానికి నా దాచిన పొలం పావురాలు వాలినట్టు తెల్లగా అయింది. దాచడానికి ఇక ఏమీ లేదు. విచిత్రం ఏమిటంటే, నాకు ఆకలేసింది. పొద్దున్నించీ అప్పుడే మొదటిసారి.

దీపాల యంత్రం మొదట వెళ్లింది. నాజిళ్లు మూసుకునే వెళుతుంటే అందరికీ చెయ్యి దురద పుట్టింది. నలభై ఏళ్లుగా నాజిల్ ఆగిందంటే చెత్త అడ్డుపడిందనుకుని దిగి విప్పి ఊదేవాళ్లం. తర్వాత మొక్క దగ్గర టిక్కుమంది. మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ టిక్ టిక్. కెమెరాల యంత్రం దాని పట్టీలో కాస్త నెమ్మదిగా వెళ్లింది.

తర్వాత లెక్క. మొదటి పట్టీలో ఆరు వందల పన్నెండు మొక్కలు, నీలం అంటనివి నలభై ఏడు. రెండో పట్టీలో ఐదు వందల డెబ్భై నాలుగు, వదిలేసినవి ముప్ఫై మూడు. రెండింటి కాగితాల మీదా నూటికి తొంభై ఏడు పైన అని ఉంది. ఇక్కడ ఒకటి తొంభై రెండు, ఇంకోటి తొంభై నాలుగు. వదిలినవాటిలో సగం గట్టు దగ్గరే ఉన్నాయి. రెక్క కొస గాల్లోకి లేచినచోట వరసగా అన్నీ పొడిగా మిగిలాయి.

"అయితే కెమెరాలదే గెలుపు," అన్నాడు ఎవరో.

"గెలుపేం లేదు, ఇది గుర్రప్పందెం కాదు," అంది బ్రైడీ. "ఈ మొక్క ఒక్కటి లక్ష గింజ రాలుస్తుంది. వదిలేసినవి ముప్ఫై మూడైనా నలభై ఏడైనా మళ్లీ చూసుకోవాల్సిందే. యంత్రం కొన్నాక ఇక పొలం నడవక్కర్లేదు అనుకునేవాళ్లు దయచేసి ఏదీ కొనకండి."

తర్వాత ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగింది. "ట్రెవర్ గారూ, మీ బాధ ఎక్కడ? శనగ చేలో కదా? దీపాలది మీ శనగని కూడా పచ్చగానే చూస్తుంది, కలుపుతో పాటు మందు కొట్టి చంపేస్తుంది. మీరు కెమెరాల గురించి ఆలోచించండి. కెల్విన్, మీరు ఎండ పడలేక తెల్లవారకముందే కొడతారు కదా?" అని, కెమెరాల కంపెనీవాడి వైపు తిరిగింది. "చీకట్లో మీది చూస్తుందా?"

వాడు బూట్లు చూసుకున్నాడు. "ఈ మోడల్ చూడదు. వచ్చేదానికి..."

"వచ్చేది వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. కెల్విన్, మీకు పంట లేని నేలే ఎక్కువ, దీపాలది చాలు. పాడైతే బాగుచేసేవాడు ఎన్ని గంటల్లో వస్తాడో మాత్రం రాయించుకుని సంతకం పెట్టండి."

దీపాల కంపెనీవాడు నవ్వబోయాడు. ఆ చివరి మాటకి ఆపేశాడు.

నా వంతు వచ్చింది. అందరి ముందూ చెప్పాలా వద్దా అని ఆమె ఒక్క క్షణం చూసింది. నేను తలూపాను.

"నెవ్, మీరు ఈ ఏడు ఏదీ కొనకండి. ఇక్కడ మందే మారాలి. ఆ పాతది మానెయ్యండి, దానికి ఈ మొక్క చావదు. బొడ్డెత్తువాటిని చేత్తో తీయించండి. ఆ పని మీకు బాగా వచ్చు." ఒక పెద్ద నవ్వు లేచింది. నేనూ నవ్వాను. "గట్ల మీద రెక్కల ఎత్తు నిలబడేట్టు బాగుచేయించండి. అది కుదిరితే వచ్చే ఏడు దీపాలది చూద్దాం. కుదరకపోతే ఎంత ఖరీదైనది కొన్నా గట్టు దగ్గర వదిలేస్తుంది."

ఇద్దరు అమ్మేవాళ్లని పక్కన నిలబెట్టుకుని, కొనొద్దని నాకు చెప్పింది. ఈ జిల్లాలో యాభై ఏళ్లలో ఎందరో సలహాదారులు వచ్చి వెళ్లారు. ఇలా మాట్లాడినవాళ్లని నేను చూడలేదు. నా కూతురు కాదు, చుట్టం కాదు. అయినా నాకే గర్వంగా అనిపించింది.

మూడయినా ఎవరూ కదల్లేదు. ట్రెవర్ గొంతు సవరించుకున్నాడు. "ఈ ఏడాదంతా ఇలాంటివి ఇంకా పెట్టాలని కమిటీ తరఫున చెప్తున్నాను. నెవ్, నీ మాటేంటి?"

"సరే," అన్నాను.

"అయితే పొలం ఎవరిస్తారు?"

"నాది," అన్నాడు కెల్విన్. "ఇదేం కలుపు? మా వాగవతల చూడండి, ఈకగడ్డిలో గొర్రె దూరితే మళ్లీ కనపడదు."

"నీదో లెక్కా?" అన్నాడు వెనకనుంచి ఒకడు. "నా జొన్న చేను చూస్తే ఏడుస్తావు."

"నిన్నటిదాకా మీ చేల్లో గడ్డిపరక లేదన్నారు కదయ్యా!" అంది గ్లెనిస్. ఎవరూ వినిపించుకోలేదు. ఎవరి పొలం ఎక్కువ చెడిందో చెప్పుకుంటూ పెద్దమనుషులు వేళ్లు మడుస్తున్నారు. బ్రైడీ పుస్తకంలో ఏడు పేర్లు రాసుకుంది.

బళ్లు వెళ్లిపోయాక ఆమె నా దగ్గరికొచ్చింది. లెక్కలన్నీ అచ్చువేసి రాష్ట్రంలోని రైతు సంఘాలన్నిటికీ పంపాలట.

"పేరు వెయ్యకుండా 'ఒక రైతు పొలం' అని రాస్తాను," అంది. "మీకు ఇబ్బంది లేకుండా."

జెండాలూ, కొయ్యల మీద రుమాళ్లూ గాలికి ఆడుతున్నాయి. రెండూ కలిపి పదకొండు వందల ఎనభై ఆరు.

"పేరు వెయ్యండి," అన్నాను. "నెవిల్ జీబార్ట్, వెనక పొలం. అంకె కూడా తప్పు లేకుండా వెయ్యండి."