గ్రానీ ఆర్డెల్లా కుక్క

హోబర్ట్ బండి వెనక తలుపు తెరిచి, వానకి ఉబ్బిన చెక్కమెట్టుని కాలితో తన్ని సరిచేస్తూండగానే లర్లీన్ టీచరు వచ్చేసింది. చర్చి ముందరి కంకర స్థలంలో పుస్తకాల బండి ఆగడం, అందరికంటే ముందు ఆవిడ మెట్టెక్కడం ఎప్పుడూ ఉన్నదే. ఇవాళ మాత్రం మెట్టెక్కలేదు. చేతిలో ఉన్న నీలం అట్ట నవలని బండి గుమ్మంలో ఠపీమని పెట్టింది.

"ఆ పక్కింటామెని జైల్లో తొయ్యాలి," అంది.

"ఎవర్నండీ?" అన్నాడు హోబర్ట్, తెలిసే.

"ఇంకెవర్ని, నవల్లో పక్కింటామెని! తండ్రంటే సరే, తాగుబోతు వెధవ, వాణ్ణి మనిషని ఎవరన్నారు? పసిదాన్ని గొడ్డుని బాదినట్టు బాదుతుంటే, ఈవిడగారు కంచె సందులోంచి రొట్టెముక్క అందించి చేతులు దులిపేసుకుంటుందా? నోరు లేదూ? షెరీఫ్ లేడూ? ఇలాంటి మంచివాళ్ళని చూస్తేనే నాకు ఒళ్ళుమంట."

"అవునండీ," అన్నాడు హోబర్ట్.

ఆ వసంతంలో జిల్లా లైబ్రరీవాళ్ళకి ఒక సరదా పుట్టింది. లోయలో అందరూ ఒకే పుస్తకం చదివితే బాగుంటుందని ఆ నవల ప్రతులు కట్టలకొద్దీ తెప్పించి బండిలో వేశారు. తండ్రి చేతిలో నానా చిత్రహింసలూ పడే టెస్సీ అనే చిన్నపిల్ల కథ అది. చదివి నాలుగు కన్నీటిచుక్కలు రాల్చి తిరిగిస్తారనుకున్నారు. తీరా చూస్తే కొండకొసలదాకా తగువులే. ఆ తగువు తండ్రి గురించి కాదు, పిల్లకి చాటుగా తిండి పెట్టి, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఊరుకున్న పక్కింటామె గురించి.

తగువులన్నీ వచ్చి హోబర్ట్ నెత్తిన పడుతున్నాయి. పొడుగ్గా, కొంచెం ముందుకి వంగి, ఉతికి ఉతికి రంగుపోయిన ఖాకీ చొక్కాలో తిరిగే మనిషి. కుడిచెవి పైఅంచు నలిగి ముడుచుకుపోయి ఉంటుంది. అటువైపు సరిగా వినపడదు గనక మాట్లాడేవాళ్ళు అలవాటుగా ఎడమవైపుకి వస్తారు. కలప కోతమిల్లులో పని చేశాడు, రోడ్లు వేశాడు, విల్మాని పెళ్ళిచేసుకున్నాడు, ఆమె పోయాక ఈ బండి ఎక్కాడు. అతని గురించి ఊళ్ళో ఎవర్నడిగినా ఇంతకు మించి చెప్పరు. ఎవరేం చెప్పినా "అవును" అంటాడని మాత్రం అందరికీ తెలుసు. పుట్టి బుద్ధెరిగాక అతను ఒకరి మాట కాదనగా విన్నవాళ్ళు లేరు.

మలుపు దగ్గర క్లేటన్ కొట్టు ముందు బండి ఆపేసరికి మొగుడూపెళ్ళాల పోట్లాట రోడ్డు మీదికే వినపడుతోంది.

"ఒరే హోబర్టూ, సమయానికొచ్చావ్, నువ్వు చెప్పరా!" క్లేటన్ గల్లాపెట్టె వదిలేసి బయటికొచ్చాడు. "మన చిన్నప్పుడు ఈ కొండల్లో పక్కింటి గొడవలో తలదూరిస్తే ఏమయ్యేదో ఈ మహాతల్లికి తెలీదు. ఆ ఇంటివాడు తుపాకీ పట్టుకుని మన గుమ్మంలోకొచ్చేవాడు! ఆవిడ తిండైనా పెట్టింది. మిగతా ఊరు అదీ పెట్టలేదు కదా!"

"తుపాకీ అట తుపాకీ," లోపల్నుంచి వెర్నా అందుకుంది. "నీకు ఊరుకోడానికో సాకు కావాలి. నేనొక్కటే అడుగుతున్నా. ఆ రొట్టె పిల్ల ఆకలి తీరడానికి పెట్టిందా, తనకి నిద్ర పట్టడానికి పెట్టిందా? చెప్పమను."

"అదీ నిజమే," అన్నాడు హోబర్ట్.

"ఏది నిజం? ఆయనదా, నాదా?"

"రెండూనూ."

"నీతో మాట్లాడ్డం, గోడతో మాట్లాడ్డం ఒకటే," అని వెర్నా నవ్వేసి, పుస్తకాలు ఏరుకోడానికి బండెక్కింది. హోబర్ట్ నవ్వలేదు. నిద్ర పట్టడానికా అన్న మాట అతనికి ఎక్కడో గుచ్చుకుంది.

మధ్యాహ్నం వాగు పక్కన బండి ఆపి, సాసేజి పెట్టిన మెత్తటి బిస్కెట్టు రొట్టె తిన్నాడు. నిలబడే తిన్నాడు. అతనికి కూర్చుని తినడం ఈ వయసుకీ అలవాటు కాలేదు. విల్మా ఉన్నన్నాళ్ళూ "కుర్చీ ఏమైనా కరుస్తుందా?" అని సతాయించేది. ఎందుకో ఆమెక్కూడా చెప్పలేదు. నవల్లో టెస్సీ కంచె దగ్గర నిలబడి గబగబా మింగే చోటికి వచ్చి అతను పుస్తకం మూసేశాడు. ఆ పేజీ దాటి ముందుకెళ్ళలేకపోయాడు.

హోబర్ట్ తల్లి పోయిన ఏడే అతని తండ్రి బెల్టు తీశాడు. తిండి సంగతి ఎవరూ పట్టించుకునేవారు కాదు. తండ్రికి బుద్ధి పుట్టినరోజు వండేవాడు, లేనిరోజు లేదు. పొరుగున ఆర్డెల్లా ఉండేది, అప్పటికి వయసులో ఉన్న మనిషి. కొండల్లో ఒకడి బిడ్డకి ఇంకొకరు తిండి పెట్టారంటే ఆ తండ్రి మొహాన నడిబజార్లో ఉమ్మినట్టే. ఆ కోపం మళ్ళీ బిడ్డ వీపు మీదే తీరుతుంది. అందుకని ఆర్డెల్లా పొద్దువాలే వేళకి ఒక రేకు బకెట్ తెచ్చి కంచె గుంజకి తగిలించేది. గొంతెత్తి, పక్కింట్లోకి వినపడేట్టు, "రా, కుక్కా, రా! తినిపో!" అని పిలిచేది. బకెట్లో చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె ఉండేవి. ఒక్కోసారి పంది మాంసం ముక్క.

ఆర్డెల్లాకి కుక్క లేదు. ఆ సంగతి లోయంతటికీ తెలుసు. తండ్రికీ తెలిసే ఉంటుంది. కాని కుక్కకి పెట్టుకుంటున్న తిండి గురించి ఏ మగాడు తుపాకీ పట్టుకొస్తాడు?

ఇప్పుడు ఆమె గ్రానీ ఆర్డెల్లా, లోయ చివర బండి ఆగే ఆఖరి ఇల్లు. హోబర్ట్ పుస్తకాలు అందిస్తాడు. వెళ్ళేటప్పుడు ఆమె గుడ్డలో కట్టిన రొట్టె చేతిలో పెట్టి "మీ కుక్కకి" అంటుంది. అతనికీ కుక్క లేదు. "సరే గ్రానీ, పెడతాను" అంటాడు. ఆ రోజుల గురించి ఇన్నేళ్ళుగా ఇద్దరి మధ్యా జరిగిన మాట అదొక్కటే. నోరు విప్పి మీ వల్ల బతికానని చెప్పాలంటే ముందు కుక్క లేదని ఒప్పుకోవాలి. ఆ ధైర్యం అతనికెప్పుడూ రాలేదు.

క్రితంసారి ఆమె నీలం అట్ట నవల అడిగింది. ఆవు బొమ్మున్న వంటల పుస్తకం, పడవల కథలు, ఏవేవో చూపించి మాట మార్చబోయాడు. "అందరూ చదివేది నాకెందుకివ్వవు? ముసలిదాన్ననా?" అంది. ఇవ్వక తప్పలేదు. లోయంతా ఆ పక్కింటామెని బోనెక్కించింది. ఆ పుస్తకంలో గ్రానీ తన మొహం చూసుకోకుండా ఉంటుందా? చూసుకుని, ఆ తీర్పు నిజమనుకునే కన్ను మూస్తే?

గ్రానీ వరండాలో ఉయ్యాలకుర్చీలో కూర్చుని ఉంది. గుప్పెడంత అయిపోయింది మనిషి. చేతుల మీద చర్మం ఉల్లిపొరలా పల్చబడి నీలి నరాలు కనిపిస్తున్నాయి. నవల ఒళ్ళో ఉంది, చివరి పేజీల మధ్య కళ్ళజోడు పెట్టి మూసి.

"లర్లీన్ ఏమంది?" అడిగింది.

"ఏదో అంటుంది లెండి. ఆవిడ సంగతి తెలిసిందేగా."

"జైల్లో పెట్టాలందిట. వెర్నా ఫోన్ చేసి చెప్పింది." గ్రానీ కొంచెంసేపు ఊగింది. "ఆవిడ అన్నది నిజమే. నాకూ తెలుసు, హోబర్ట్. నీ ఏడుపు నా వంటింట్లోకి వినపడేది. పొయ్యి మీద గిన్నె గట్టిగా చప్పుడు చేసేదాన్ని, వినపడకుండా. ఎవరికీ చెప్పలేదు. భయమేసింది. మా ఆయన గనిలో ఉండేవాడు, ఒంటరిదాన్ని. చెప్పి ఉంటే నీ చెవి అలా అయ్యేది కాదు."

హోబర్ట్ నోట్లోకి "అవునండీ" అన్న మాట అలవాటుగా వచ్చింది. మింగేశాడు.

"కాదు," అన్నాడు.

ఆ మాట తన గొంతులోంచి వచ్చిందని అతనికే నమ్మకం కలగలేదు. మెట్టు మీద, ఆమె కాళ్ళ దగ్గర, చతికిలబడ్డాడు.

"చెబితే ఏమయ్యేదో నాకు తెలీదు గ్రానీ. మంచే జరిగేదేమో. లర్లీన్ టీచరు అన్నదాన్లో తప్పులేదు, వెర్నా అన్నదాన్లోనూ లేదు. కాని వాళ్ళెవరూ ఆ బకెట్లో తినలేదు. నేను తిన్నాను. సాయంత్రం మీరు పిలుస్తారని పొద్దుట్నుంచీ చెవులు రిక్కించుకుని ఉండేవాణ్ణి. మా నాన్న కొడుతున్నా, ఇంకాసేపట్లో పిలుస్తుందిలే అనుకునేవాణ్ణి. మీకు రుణపడి ఉన్నాను. ఇన్నేళ్ళూ చెప్పలేదు, నాదీ భయమే."

గ్రానీ కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. పుస్తకం మీద వేలు పెట్టి అడిగింది. "ఇంకా కొంచెం మిగిలింది. చదవాలంటే గుండె దడగా ఉంది. ఆ పిల్ల చివరికి బతుకుతుందా?"

"పిల్ల సంగతి నాకు తెలీదు. నేనూ సగంలో ఆపేశాను," అన్నాడు హోబర్ట్. "కుక్క మాత్రం బతికింది, గ్రానీ."

ఆమె నవ్వింది. పళ్ళులేని నోరంతా తెరిచి, భుజాలు కదిలేలా నవ్వింది. "అయితే లోపలికెళ్ళి రొట్టె తెచ్చుకో. ఇక్కడే తిను. కూర్చుని తిను, దెయ్యమా!"

కూర్చునే తిన్నాడు. మిగిలిన నాలుగు పేజీలూ పూర్తిచేసి వచ్చేసారి ఇస్తానని గ్రానీ నవల తన దగ్గరే ఉంచుకుంది.

తర్వాతి విడత హోబర్ట్ బండి లోయ చివరికి వచ్చేసరికి ఉయ్యాలకుర్చీ ఖాళీగా ఉంది. గుమ్మంలో గ్రానీ మనవడి భార్య జెనీవా నిలబడి ఉంది, కళ్ళు ఎర్రగా చేసుకుని.

"ఇందాకే పోయింది అంకుల్. ఏ బాధా పడలేదు. ఇవాళ బండి వస్తుందని లేచి రొట్టె చేసింది, కాసేపు కూర్చుంటానని కూర్చుంది, అంతే." ముక్కు తుడుచుకుని కంచె వైపు చూపించింది. "మీకోసం ఏదో అక్కడ తగిలించింది. మీ కుక్కకిట. మీకు కుక్క ఉందా అంకుల్? ఎప్పుడూ చూళ్ళేదే?"

"ఉందమ్మా," అన్నాడు హోబర్ట్. "ఆవిడ చేతి తిండి తినే పెరిగింది."

టోపీ తీసి చేత్తో పట్టుకుని కంచె దాకా నడిచాడు. గుంజకి పాత రేకు బకెట్ వేలాడుతోంది, తోమితోమి అడుగు తళతళలాడుతూ. అందులో, చివరిదాకా చదివేసిన నీలం అట్ట నవల మీద, గుడ్డలో కట్టిన రొట్టె ఇంకా కొంచెం వెచ్చగానే ఉంది.