మునంబం రేవులో పదకొండు సెకన్లు

విలాసిని కాక్కనాడులోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదమూడేళ్లుగా పనిచేస్తోంది. ఏ రేవులో ఏ చేప ఎంత ధర పలుకుతోందో చూపించే వెబ్‌సైటు ఆమె కట్టిందే. ఓణం సెలవుల తరవాత రోషన్ చాకో అనే ఇంజనీరు వచ్చి చేరాడు. నెల తిరక్కుండానే, సైటుకు పునాదిగా ఉన్న ఫ్రేమ్‌వర్కు పాతబడిందని, కొత్తదాని మీద తిరగరాయాలని అందరి ముందూ అన్నాడు. వేగం పట్టికల్లో కొత్తది మొదటి స్థానంలో ఉందట, విలాసినిది నలభయ్యోది. ఒక నమూనా కట్టి తన కంప్యూటర్లో చూపించాడు కూడా. ఆరు రెట్లు వేగం.

విలాసినికి మనసు చివుక్కుమంది. మాట మాత్రం తూలలేదు. తన సైటుకు ఏ లోటూ లేదని వాడేవాళ్ల చేతే చెప్పించాలని, మర్నాడు పొద్దున అతన్ని వెంటబెట్టుకుని మునంబం వెళ్లింది.

రేవులో చేపల వేలం దగ్గర, చేపలు కొని అమ్ముకునే ఫిలోమినా అనే పెద్దావిడ ఖాళీ తట్టతో నిలబడి ఉంది. విలాసిని తానెవరో చెప్పి, మత్తి చేపల ధర చూపించమంది. ఫిలోమినా తన పాత ఫోనులో సైటు తెరిచి వాళ్లవైపు తిప్పింది. తెల్లటి తెర. రోషన్ లెక్కపెట్టాడు. పదకొండు సెకన్లు.

"రోజూ ఇంతేనా చేచ్చీ?" అని అక్క వరస కలిపి అడిగింది విలాసిని.

"ఇవాళ నయం. నువ్వు పక్కనున్నావని మొహమాటపడింది కాబోలు. మామూలుగా ఇది తెరుచుకునేలోపు వేలం పాట అయిపోతుంది మోళే," అంది ఫిలోమినా, కూతురితో అన్నట్టు.

రోషన్ నవ్వు ఆపుకుంటూ, అదే ఫోనులో తన నమూనా తెరిచాడు. పది సెకన్లు. ఇక ఆపుకోవడానికి నవ్వు లేదు.

ఇద్దరూ తిరుగు బస్సు ఎక్కారు. ఆఫీసుకు వచ్చి చూస్తే, సర్వరు పావు సెకనులోనే జవాబిస్తోంది. మిగతా సమయమంతా ఫోను పెద్ద పెద్ద చేపల ఫోటోలను లాక్కోవడానికే పోతోంది. మూడేళ్ల క్రితం అందంగా ఉంటుందని విలాసిని చేర్చిన ఫోటోలవి. రోషన్ తన నమూనాలోకి వాటినే దించుకున్నాడు.

సాయంత్రం మీటింగులో ఆమే ముందుగా చెప్పింది. "ఆ బరువు నేను పెట్టిందే. ఫ్రేమ్‌వర్కు తప్పేం లేదు."

"నేనూ చూసుకోలేదు చేచ్చీ," అన్నాడు రోషన్. "నా కంప్యూటర్లోనే కొలుచుకుంటూ కూర్చున్నాను."

ఇద్దరూ కలిసి వారంలో ఫోటోలన్నీ తీసేశారు. ఫిలోమినా పాత ఫోనులోనే పేజీ రెండు సెకన్లలోపు తెరుచుకుంది. తిరగరాసే మాట పక్కకు పోయింది. వేసవిలో రోషన్ బెంగళూరులో వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడాది, పనిలోకి తీసుకుందామంటే పాత ఫ్రేమ్‌వర్కు తెలిసినవాళ్లు ఎవరూ దొరక్క, కొత్తదానికి మారక తప్పలేదు. విలాసినే కూర్చుని నేర్చుకుని మార్చింది. నాలుగు నెలలు పట్టింది. వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కొత్తగా చేరినవాళ్లకు మాత్రం పని సులువైంది.