గాల్లో నీళ్లు

కంప్రెసర్ ట్యాంకు అడుగున ఉన్న కుళాయిని జబ్బార్ సుత్తితో కొట్టి తిప్పాడు. తుప్పునీళ్లు బుస్సుమని ఎగజిమ్మి అతన్ని మోకాళ్ల దాకా తడిపాయి. ముప్పై ఏళ్లుగా ఈ టైర్ల షాపులో రోజూ మొదటి పని ఇదే. సముద్రపు తేమ నిండిన కోడూరు గాలిని ట్యాంకులో కుక్కితే పొద్దుటికి చెంబెడు నీళ్లు దిగుతాయి. దిగనివి గొట్టంలోకి పోతాయి.

ఎడమ బొటనవేలికి గోరు లేదు. లారీ రిమ్ము తినేసింది. కుడి చెవికి వినికిడి ఓసారి టైరు పేలినప్పుడే పోయింది.

నీలం గొట్టాన్ని వంచి చూశాడు. తేలికగా ఉంటుందని ఓనరు గంగాధరరావు కిందటి వానాకాలం తెచ్చాడు. పోయిన నెల ఒకచోట పగిలితే జబ్బారే కోసి ఇత్తడి జాయింటు వేశాడు. ఇప్పుడు ఆ జాయింటు పక్కన వేలికి జిగురుగా తగులుతోంది. వంచినచోటల్లా తెల్లటి బీటలు.

"లోపల్నుంచి కుళ్లిందండీ. మన గాల్లో సగం నీళ్లే, ఈ రకం ఆగదు. పాత రబ్బరుది బిగిస్తాను."

"ప్లాస్టిక్కు కుళ్లటానికి అదేమన్నా చేపా జబ్బారూ?" అన్నాడు గంగాధరరావు.

జబ్బార్ రబ్బరు గొట్టం భుజాన వేసుకొచ్చాడు. అప్పుడే డ్రైవరు విల్సన్ రొయ్యల లారీ వచ్చి ఆగింది. వెనక చక్రం సగం దిగింది. లోపల ఐసు కరిగి కారుతోంది.

"ముందు గాలి కొట్టు," అంటూ గంగాధరరావు రబ్బరు గొట్టాన్ని లాక్కుని ముసురులోకి విసిరేశాడు.

విల్సన్ వచ్చి చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. జబ్బార్ అతన్ని చూశాడు, జాయింటును చూశాడు.

"నువ్వెళ్లి టీ తాగు."

"ఏం మావయ్యా, నేను చూస్తే నీ టైరుకి దిష్టి తగుల్తుందా?"

"పొమ్మంటే పో."

విల్సన్ నవ్వుకుంటూ రోడ్డు దాటాడు.

జబ్బార్ నీలం గొట్టాన్నే చక్రానికి తగిలించి గాలి వదిలాడు. గేజు ముల్లు నూరు దాటగానే జాయింటు పక్కన గొట్టం తెగింది. ఇత్తడి ముక్కతో సహా ఎగిరి పైరేకును చీల్చింది. లారీ దీపాన్ని పగలగొట్టింది. తిరిగొచ్చి జబ్బార్ కణతను కొట్టింది. అతను చక్రానికి ఆనుకుని, అలసినవాడిలా కూర్చుండిపోయాడు. గంగాధరరావు స్విచ్చి ఆపినా, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా గొట్టం నేలను బాదుతూనే ఉంది.

విల్సన్ టీ గ్లాసుతోనే పరిగెత్తుకొచ్చాడు. "మావయ్యా" అన్నాడు. వినపడని చెవిలోంచి నెత్తురు సన్నగా కారుతోంది.

బయట రబ్బరు గొట్టం మీద వాన పడి జారిపోతోంది. దాని కొసన, బిగించడానికి జబ్బార్ సిద్ధం చేసిన కొత్త క్లిప్పు.