మూరెడు కాడ ముడి

బతుకుదెరువుకు వలసొచ్చిన ఖటోదరాల, బట్ట నేసే సాంచల షెడ్డుల రఘుపతి పని అచ్చు అతుకుడు. అయిపోయిన పోగు కొసకు కొత్త పోగు కొస కలిపి ముడెయ్యాలె. రోజుకు వేల ముడులు, ముప్పై ఏండ్ల సంది గదే పని. కుడి కన్నును షుగర్ ఎన్నడో మింగింది. ఇప్పుడు ఎడమది మసకబారింది.

డాక్టరు మిషన్ల ఫోటో తీసిండు. కంటి లోపలి పొర లేచిందట, ఆపరేషన్ జేస్తే అతుక్కుంటదట. చూపెంత వస్తదని భార్య వినోద అడిగితే మాత్రం ముందుగాల చెప్పలేమన్నడు. అంత పెద్ద మిషనుండి గదొక్కటి చెప్పరాదా! చూపు లేకుంటే అచ్చు లేదు. అచ్చు లేకుంటే ఆ మనిషికి బతుకే లేదు.

అందుకే ఆపరేషన్ ముందటి రోజు వినోద ఆయన్ను అమ్రోలిల లింగవ్వ తానకు తోలుకపోయింది. కంటి ఆపరేషన్ పడ్డ మనోళ్లంత ముందు ఆమె గడప తొక్కుడే. మూసిన రెప్పకు పోగు కొస అంటించి, ఆ పోగు చుట్టిన కండెను నేల మీద పెడ్తది. కండె దానంతటదే దొర్లుతది. పోగు ఎక్కడ తెగితే చూపు అక్కడి దాకనే. సంపత్‌ది గల్లీ మలుపు దాకా పోయింది, ఆయన ఇయ్యాల్టికీ బండి నడుపుతున్నడు. భూదేవిది రెప్ప కాడ్నే తెగింది. ఆమె ముచ్చట ఎవ్వరూ తియ్యరు. ఒక్కటే కట్టుబాటు, తెగిన పోగును ముట్టొద్దు.

రఘుపతి కండ్లు మూసుకొని నేల మీద కూసున్నడు. కండె కదిలింది. జానెడు పోయింది. మూరెడు పోయి, టక్కున తెగింది.

"మూరెడేనా అవ్వా?"

లింగవ్వ తెగిన కొసను ముట్టకుంట వేలుతోని చూపింది. మూరెడు చూపుతోని బువ్వ తినొచ్చు గని సాంచల నడుమ తిరగరాదు. వినోదకు ఏడుపు ఆగలేదు.

రఘుపతి మాత్రం ఆ టక్కు చప్పుడొక్కటే ఇన్నడు. పోగు తెగితే ఆయన చెయ్యి ఊకుంటదా? కండ్లు తెరవకుంటనే ముందుకు వంగి, రెండు కొసలు తడిమి పట్టి ముడేసిండు.

"ఏంది బిడ్డా, గిట్ల జేస్తివి" అన్నది లింగవ్వ. ముట్టితే ఏమైతదో ఆమెకూ తెల్వదు. జరసేపటికి కండె మల్ల దొర్లింది. గడప దాటింది, మెట్లు దిగింది, గల్లీ పట్టుకొని పోయింది.

ఆపరేషన్ అయినంక కంటి పట్టీ ఇప్పిన నాడు రఘుపతి వినోద మొఖం చూసిండు. కిటికీల నుంచి రోడ్డు అవతల టెంపోల మీది చీరల మూటలు చూసిండు. మూరెడు దూరంల చిన్న ముడొకటి కనవడుతుందని డాక్టరుకు చెప్పిండు. డాక్టరు ఫోటో అటిటు తిప్పి, ఇందుల అసొంటిదేం లేదు, ఉన్నా మెల్లగ పోతదన్నడు.

"పోదు సారూ, గది నేనేసిన ముడి" అన్నడు రఘుపతి.