చొక్కా చూసి కొట్టేశారు

ఆఫీసరు మా బావ కాలరు రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడమ్మా, కొట్లో బట్ట చూసినట్టు. "ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడికి సాయం ఎందుకయ్యా?" అని పింఛను జాబితాలోంచి పేరు కొట్టేశాడు.

బావంటే మా చెల్లెలి మొగుడు. నూలుమిల్లులో ఆయన గొంతుకి సైరన్ అని పేరు. దూది పీల్చీ పీల్చీ ఇప్పుడు దగ్గే మిగిలింది. పింఛను ఆగితే మందు ఆగిపోతుంది.

మా తప్పేంటంటే, జీతం రోజున స్నానం చేసి, ఇస్త్రీ చొక్కాతో నిలబడటం మాకలవాటు. నేర్పింది మా సంఘం నాయకుడు. అందరం అన్నా అనేవాళ్ళం. "అడుక్కోడానికి కాదురా, మనది మనం తీసుకోడానికి పోతున్నాం" అనేవాడు. పింఛను కోసం నలభై రోజులు గేటు ముందు మమ్మల్ని కూర్చోబెట్టి సాధించిందీ ఆయనే. ఇప్పుడు కొత్త చట్టం వచ్చింది, గతిలేనివాళ్ళకే ఇస్తాం, కమిటీ ముందుకి రండి అన్నారు. మేం అలాగే తయారై పోయాం. ముప్పైరెండు మందిని కొట్టేశారు.

ఆ కమిటీలో ఆఫీసరు పక్క కుర్చీ ఎవరిదనుకున్నావు? మా సంఘం అన్నదే.

బయటికొచ్చి మెల్లగా చెప్పాడు. "సోమవారం మళ్ళీ చూస్తారు. చిరిగినవి వేసుకుని రండి. రోజులు మారాయిరా. ఇది ఇప్పుడు హక్కు కాదు, దయ."

ఆ సాయంత్రం అందరూ మా వసారాలో చేరారు.

"వేసుకుంటాడు" అంది చెల్లెలు. "పరువు నమిలితే దగ్గు తగ్గుతుందా?"

"నా దగ్గర చిరిగినవి లేవు వదినా, కొనుక్కోవాలి" అంది మిల్లులో దారాలు ముడేసిన పక్కింటామె. అందరూ నవ్వారు.

బావ నవ్వలేదు. "ఈసారి చింపుకోమన్నారు. వచ్చే ఏడు పాక్కుంటూ రమ్మంటారు. నేను పోను."

"పోకపోతే ఎలా? పోదాం. ఒక్కళ్ళం కాదు, అందరం ఒకేసారి పోదాం" అంది చెల్లెలు.

సోమవారం ముప్పైరెండు మందిమీ ఇస్త్రీ బట్టలతోనే కమిటీ గదిలోకి దూరాం. ఒక్కొక్కరే రావాలన్నాడు ఆఫీసరు. చెల్లెలు ఆయన్ని చూడనే లేదు. "మాలో గతిలేనివాడెవడో నువ్వే వేలు పెట్టి చూపించన్నా" అంది.

అన్న కాగితాలు సర్దుకున్నాడు. పోలీసులకి ఫోన్ చేసింది ఆయనే తల్లీ. ఆఫీసరు కాదు.

పోలీసులొచ్చి, గొడవకి పెద్ద నువ్వేనంటూ బావనొక్కణ్ణే వ్యానెక్కించారు. మేం వెనకే నడిచి స్టేషన్ ముందు కూర్చున్నాం. మధ్యాహ్నానికి, పింఛను పోనివాళ్ళు కూడా వచ్చారు, అరవై మంది దాకా. ఒక్కొక్కరూ లోపలికెళ్ళి తమ పింఛను కార్డు ఇన్‌స్పెక్టరు బల్ల మీద పెట్టారు. "మా పేర్లూ కొట్టేయమను. దయైతే మాకొద్దు."

మీ కార్డులు మీరు తీసుకుపోండి అన్నాడాయన. ఎవరూ చెయ్యి చాపలేదు.